పత్తిలో తేలని ప్రశ్న వరిలోకి వస్తోంది

2025 మే 4న ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100. దానికి కమల అని పేరు పెట్టారు. రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1. మొదటిదాన్ని హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి తీసింది. రెండోదాన్ని ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంటీయూ 1010 నుంచి తీసింది. సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి రైతుకు అందిన రకం. ఎంటీయూ 1010, మన రైతుల నోట కాటన్‌దొర సన్నాలు, మార్టేరుది. రెండింటి పుట్టిల్లూ మన డెల్టాలే. కమల సాంబ మసూరి కంటే దాదాపు 20 రోజులు ముందు కోతకు వస్తుందని, దిగుబడి కూడా ఎక్కువని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ప్రకాశం బ్యారేజీ కింద 13 లక్షల ఎకరాల ఆయకట్టులో ఆ 20 రోజుల విలువ ఎంతో నాగాయలంక, అవనిగడ్డ శివారు రైతుకు తెలుసు. కాలువలో ఆఖరి తడి అందుతుందో లేదో, కోతల వేళ తుపాను వస్తుందో రాదో అని బిక్కుబిక్కుమనే రోజులు అవే.

సంతోషించాల్సిన కబురే, సందేహం లేదు. అయితే ఈ రకాలను తీయడానికి వాడిన క్రిస్పర్ అనే జన్యు పనిముట్టు మీద అనేక దేశాల్లో పేటెంట్లు ఉన్నాయి, మన దేశంలోనూ ఉన్నాయి. ప్రయోగానికి, పరిశోధనకు, విద్యార్థులకు నేర్పడానికి పేటెంటు వస్తువును వాడుకోవచ్చని మన పేటెంట్ల చట్టం 47వ సెక్షను చెబుతుంది. పొలంలో వేసి ధాన్యం అమ్ముకోవడానికి ఆ వెసులుబాటు చాలదు. ఇక్కడే అసలు ప్రశ్న. ఆ పేటెంట్లు పనిముట్టు దగ్గర ఆగుతాయా? సవరించిన కణం దాకా వస్తాయా? ఆ కణం నుంచి పెరిగిన దుబ్బు దాకా, కంకి దాకా, వచ్చే ఏడాదికి రైతు గాదెలో దాచుకునే గింజ దాకా వస్తాయా? దీనికి జవాబు పేటెంటు పత్రంలో సగమే ఉంటుంది. మిగతా సగం ఆ పేటెంటు దరఖాస్తు ఫైల్లో ఉంటుంది. ఆ ఫైలును విత్తనం మార్కెట్లోకి రాకముందే చదవాలి. వచ్చాక చదివితే ఏమవుతుందో పత్తిలో చూశాం.

అమరావతి ప్రకటన తర్వాత గుంటూరు, కృష్ణా జిల్లాల్లో గజం స్థలం కొన్నవాళ్లకు కూడా లింకు డాక్యుమెంట్లంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఆఖరి దస్తావేజు ఒక్కటి చూసి ఎవరూ అడ్వాన్సు ఇవ్వరు. ఈసీ తీయిస్తారు, ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్తారు, మధ్యలో ఎవరు ఎవరికి ఏ హద్దు వదిలేశారో చూస్తారు. పేటెంటు విషయానికి వచ్చేసరికి మాత్రం అందరమూ ఆఖరి దస్తావేజు దగ్గరే ఆగిపోతున్నాం. ఆ అలవాటు ఖరీదు చాలా పెద్దది.

పేటెంటు పత్రం చివర వరుస నంబర్లతో రాసే వాక్యాలను క్లెయిములంటారు. హక్కు వాటికే. ముందున్న వివరణ అంతా వాటిని అర్థం చేసుకోవడానికి. దరఖాస్తు వేసిననాటి క్లెయిములు, మంజూరైననాటి క్లెయిములు సాధారణంగా ఒకటి కావు. ఎవరైనా మొదట వీలైనంత విశాలంగా అడుగుతారు. మన రాష్ట్రం నుంచి వెళ్లే దరఖాస్తులు చెన్నై గిండీలోని పేటెంటు కార్యాలయానికి చేరతాయి. 18 నెలలు గడిచాక అవి జర్నల్‌లో ప్రచురితమవుతాయి. పరీక్ష కోరాక ఎగ్జామినరు వాటిని చదివి, పాత పేటెంట్లు, పాత వ్యాసాలు ముందు పెట్టి, ఇది కొత్తది కాదు, ఇది చట్టం ఒప్పుకోదు అని మొదటి పరీక్ష నివేదిక ఇస్తాడు. దరఖాస్తుదారు జవాబు రాస్తాడు. అవసరమైతే విచారణ జరుగుతుంది. ఈ దశలో క్లెయిములు మార్చుకోవచ్చు. ఎలాగంటే అలా మార్చడానికి వీల్లేదు. వదులుకోవడం, తప్పు దిద్దుకోవడం, వివరించడం, ఈ మూడు దారుల్లోనే మార్చాలనీ, మారిన క్లెయిము పాత క్లెయిము పరిధి దాటకూడదనీ 59వ సెక్షను కట్టడి పెట్టింది. కాబట్టి దారి పొడుగునా క్లెయిము చిన్నదవుతుందేగానీ పెద్దది కాదు. చిన్నదైన ప్రతిసారీ ఎందుకు చిన్నది చేసుకున్నాడో దరఖాస్తుదారు స్వయంగా సంతకం పెట్టి రాసిన ఉత్తరం ఒకటి ఫైల్లో పడుతుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. కైకలూరు చేపల చెరువులకు ఏరియేటర్లు తయారుచేసే చిన్న యూనిట్‌కు పొరుగు రాష్ట్రం కంపెనీ నుంచి లాయరు నోటీసు వచ్చిందనుకోండి. నీటి అడుగున గాలి వదిలే గొట్టం అమర్చిన ఏరియేటరు మీద పేటెంటు మాది, తయారీ ఆపండి, నష్టపరిహారం కట్టండి అని. జతచేసిన క్లెయిములో గొట్టం అని మాత్రమే ఉంది. ఏ గొట్టమైనా దాని కిందికి వచ్చేలా ఉంది. యజమాని బెదిరిపోతాడు. అయిదో పదో లక్షలకు రాజీ పడదామని చూస్తాడు. ఆ పేటెంటు ఫైలు తెరిస్తే, కొన్నేళ్ల కింద ఎగ్జామినరు ఒక పాత విదేశీ పేటెంటు చూపించి ఇందులో కొత్తేముందని అడిగినట్టు, దానికి ఆ కంపెనీ, పాతదాంట్లో ఉన్నది గట్టి ప్లాస్టిక్ గొట్టం, మాది సాగే రబ్బరు గొట్టం, అదే మా ఆవిష్కరణ అని రాసి పేటెంటు తెచ్చుకున్నట్టు తేలుతుంది. మన యూనిట్ వాడేది గట్టి ప్లాస్టిక్ గొట్టమే. కోర్టు ముందు పెట్టడానికి ఇంతకంటే గట్టి కాగితం ఆ యజమానికి దొరకదు. ఆధారం లేని బెదిరింపుల మీద దావా వేయడానికి 106వ సెక్షను ఉంది. మా తయారీ మీ పేటెంటు కిందికి రాదని ముందే తేల్చుకోవడానికి 105వ సెక్షను ఉంది. రెండింటినీ బలంగా వాడుకోవాలంటే ఫైలు చేతిలో ఉండాలి.

ఇప్పుడు పత్తి సంగతి. 2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు మెట్టల్లో, పల్నాడులో అది కార్చిచ్చులా పాకింది. మోన్‌శాంటో కంపెనీ బీటీ పత్తి తొలి తరం బోల్‌గార్డ్ మీద మన దేశంలో పేటెంటు లేదు. అయినా 450 గ్రాముల ప్యాకెట్టు మీద 1,250 రూపాయలు ట్రెయిట్ ఫీజు పేరుతో వసూలైంది. పేటెంటు ఉందా, ఉంటే దేనిమీద అని రైతు తరఫున అడిగేవాళ్లు లేకపోయారు. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారంపై విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్ మెట్లెక్కాక ప్యాకెట్టు ధర 750కి దిగింది. ఒక ప్రభుత్వం గట్టిగా అడిగితే ఎంత తేడా వస్తుందో అప్పుడే రుజువైంది.

రెండో తరం బోల్‌గార్డ్‌కు పేటెంటు వచ్చింది. నంబరు 214436, మంజూరైన ఏడాది 2008. దాని ఫైలు చదవాల్సిన ఫైలు. మొదట మోన్‌శాంటో వేసిన క్లెయిములు మొక్కల దాకా వెళ్లాయి. మొక్కలు, జంతువులు, వాటి భాగాలు, విత్తనాలు, రకాలు పేటెంటుకు పనికిరావనే 3(జె) సెక్షను కింద కార్యాలయం అభ్యంతరం పెట్టింది. దాంతో ఆ క్లెయిములు వదిలేసుకున్నారు. కడకు మిగిలినవి 27. వాటిలో మొదటి 24 పద్ధతికి సంబంధించినవి, చివరి మూడు జన్యు వరుసకు సంబంధించినవి. మొక్క మీద, విత్తనం మీద ఒక్క క్లెయిము కూడా లేదు. ట్రెయిట్ ఫీజు మాత్రం విత్తన ప్యాకెట్టు మీదే వసూలవుతూ వచ్చింది.

2015లో ఫీజు తగాదా ముదిరి మోన్‌శాంటో వర్గం విత్తన కంపెనీ నూజివీడు సీడ్స్ లైసెన్సు రద్దు చేసింది. ఆ వ్యాజ్యం ఢిల్లీ హైకోర్టుకు చేరింది. అప్పుడు బయటికొచ్చింది అసలు వాదన: పరీక్షలో మొక్కను వదులుకుని పేటెంటు తెచ్చుకున్నవాళ్లు, జన్యువు మొక్కలో కలిసిపోయాక ఆ మొక్కను అడ్డుపెట్టి అదే హక్కు మళ్లీ అడగవచ్చా? 2018 ఏప్రిల్ 11న ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి 3(జె) కింద ఈ పేటెంటు చెల్లదని తీర్పిచ్చింది. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టింది. ఇంత సాంకేతికమైన సంగతి నిపుణుల సాక్ష్యం లేకుండా తేల్చకూడదని, విచారణ పూర్తిగా జరపాలని సింగిల్ జడ్జికి తిప్పి పంపింది. ఆ ఏడాది నవంబరులో పేటెంటు గడువు ముగిసింది. 2021లో రెండు పక్షాలూ రాజీ పడ్డాయి. విచారణ జరగలేదు. ప్రశ్న ప్రశ్నగానే మిగిలింది. కంపెనీలకు రాజీ సరిపోయింది. అన్నేళ్లు ఫీజు కట్టిన రైతుకు, తాను కట్టింది చట్టం ప్రకారం కట్టాల్సినదేనా అన్న సంగతి ఇవాళ్టికీ ఎవరూ చెప్పలేదు. ఈ లోటును ఈ పత్రిక తేలిగ్గా తీసుకోలేదు.

ఇలాంటి ప్రశ్న కెనడాలో తేలింది, రైతుకు వ్యతిరేకంగా. సస్కాచెవాన్ రైతు పెర్సీ ష్మైజర్ పొలంలో మోన్‌శాంటో జన్యువున్న కనోలా పెరిగింది. అక్కడ కూడా మొక్కలకు పేటెంటు ఇవ్వరు. కంపెనీ పేటెంటు క్లెయిములు జన్యువుకు, కణానికి మాత్రమే. 2004 మే 21న కెనడా సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు చీలి తీర్పు చెప్పింది. ఆ కణాలున్న మొక్కను సాగుచేయడం ఆ కణాలను వాడుకోవడమేనని అయిదుగురు అన్నారు. మొక్కను అడగని పేటెంటు మొక్కను పట్టుకుంది. క్లెయిములో మొక్క అనే మాట లేదు కదా అని ధీమాగా కూర్చోవడానికి వీల్లేదని చెప్పే తీర్పు ఇది. మొక్కను ఎందుకు వదిలారో, ఏ అభ్యంతరానికి తలొగ్గి వదిలారో కోర్టు చేతిలో పెట్టగలగాలి.

మన రైతుకు ఒక రక్షణ ఉంది. వృక్ష రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం 2001, 39వ సెక్షను కింద బ్రాండు పేరు వేసి అమ్మనంతవరకు రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు. అయితే ఆ రక్షణ ఆ చట్టంలో ఉంది. పేటెంట్ల చట్టంలో రైతుకు అలాంటి మినహాయింపు రాయలేదు. 3(జె) ఉంది కదా అనే భరోసాతో రాయలేదు. 3(జె) గోడలో ఎక్కడ సందు ఉందో పత్తి వ్యాజ్యం చూపించింది. ఆ సందు పూడ్చగలిగేది ఫైల్లోని కాగితాలే.

పేటెంటుదారు ఒకచోట చెప్పిన మాట ఇంకోచోట అతన్నే కట్టేస్తుందనడానికి తెలుగు కంపెనీ కథే ఒకటుంది. రక్త క్యాన్సర్ మందు గ్లివెక్‌పై నోవార్టిస్ 1998లో చెన్నై కార్యాలయంలో దరఖాస్తు వేసింది. ఇమాటినిబ్ మెసిలేట్ అనే లవణపు ఒక స్ఫటిక రూపానికి హక్కు అడిగింది. అంతకుముందే ఉన్న జిమ్మర్‌మాన్ పేటెంటులో ఈ మెసిలేట్ బయటపడలేదనీ, కాబట్టి తమది కొత్తదనీ వాదించింది. సుప్రీంకోర్టు ఆ కంపెనీ పాత కాగితాలు ముందేసుకుంది. అమెరికాలో మందుకు అనుమతి కోరినప్పుడు, పేటెంటు గడువు పెంచమన్నప్పుడు జిమ్మర్‌మాన్ పేటెంటునే ఆధారంగా చూపించింది నోవార్టిస్. అంతకంటే సూటిది ఇంకొకటి. హైదరాబాద్ కంపెనీ నాట్కో తన వీనాట్ మందును బ్రిటన్‌లో అమ్మబోతే, 2004 ఫిబ్రవరిలో నోవార్టిస్ తరఫున లీగల్ నోటీసు వెళ్లింది. అదే జిమ్మర్‌మాన్ పేటెంటు కింద ఆ మందు మాది, ఆపండి అని. అక్కడ మాది అని బెదిరించిన పదార్థమే ఇక్కడ ఎవరికీ తెలియనిదెలా అవుతుందని కోర్టు అడిగింది. 2013 ఏప్రిల్ 1 నాటి తీర్పులో నోవార్టిస్ ఓడింది. నెలకు లక్ష దాటే మందు చాలా తక్కువకు దొరకడం అందువల్ల కొనసాగింది. పాత పదార్థపు కొత్త రూపానికి మెరుగైన ఫలితం లేకపోతే పేటెంటు ఇవ్వని 3(డి) సెక్షను ఆ తీర్పుకు మూలస్తంభమని అందరికీ తెలుసు. పాత కాగితాలు చదివిన ఓపిక దానికి ఎంత తోడైందో తక్కువమంది గుర్తుంచుకున్నారు.

డెల్టా వరి రైతుకు కొరాజెన్ కొత్త పేరు కాదు. కాండం తొలుచు పురుగుకు, ఆకుముడతకు ఆ మందు పడని చేను తక్కువ. అందులోని క్లోరాంట్రానిలిప్రోల్ మీద ఎఫ్ఎంసీ కంపెనీకి పేటెంట్లు ఉండేవి. పదార్థం మీది పేటెంట్ల గడువు 2022లో తీరింది. తయారీ పద్ధతి మీద ఇంకొకటి మిగిలింది. ఆ క్లెయిములో సల్ఫోనిల్ క్లోరైడ్ వాడాలని ఉంది. నాట్కో థయోనిల్ క్లోరైడ్ వాడే దారి పట్టింది. రెండూ ఒకే పని చేస్తాయి కనుక ఒకటే లెక్క అని ఎఫ్ఎంసీ వాదన. మెట్టు మెట్టుకూ పోల్చి చూసి ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. 2022 సెప్టెంబరులో సింగిల్ జడ్జి, డిసెంబరులో డివిజన్ బెంచి మధ్యంతర నిషేధం ఇవ్వడానికి నిరాకరించారు. దరఖాస్తులో రాసుకున్న ఒక్క రసాయనం పేరు దేశంలో ఒక పురుగుమందు ఎవరు చేయవచ్చో నిర్ణయించే చోట నిలబడింది.

ఫైలుకు కోర్టులు ఎంత విలువ ఇవ్వాలన్నదానిపై దేశాలు ఏకాభిప్రాయానికి రాలేదు. పరీక్షలో వదిలిన భాగాన్ని సమానార్థకమనే పేరుతో మళ్లీ అడగడం సాధారణంగా కుదరదని అమెరికా సుప్రీంకోర్టు 2002లో ఫెస్టో తీర్పులో చెప్పింది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2017లో యాక్టావిస్ కేసులో ఫైలు చూడటానికి ఇరుకు దారి మాత్రమే వదిలింది. కెనడా 2000లో అసలు చూడబోమంది. 2018లో చట్టం మార్చి, పేటెంటుదారు కార్యాలయానికి రాసిన ఉత్తరాలను అతని మాటకు ఎదురు సాక్ష్యంగా పెట్టవచ్చని రాసుకుంది. మన చట్టంలో అలాంటి సెక్షను లేదు. కోర్టు తలుచుకుంటే చూస్తుంది, లేకపోతే లేదు. కెనడా పద్ధతిలో ఒక సెక్షను పార్లమెంటు చేర్చాలి. రైతులు ఎక్కువగా ఉన్న దేశానికి, 3(జె) మీద ఇంత ఆధారపడ్డ దేశానికి ఇది వాయిదా వేయదగ్గ సవరణ కాదు.

ఫైలు ఎలా తయారవుతుందన్నది కూడా మన కళ్ల ముందే మారుతోంది. గుండె జబ్బు మందు శాక్యుబిట్రిల్ వల్సార్టాన్ దరఖాస్తుపై నాట్కో ముందస్తు అభ్యంతరం వేసింది. పరీక్ష దశలో క్లెయిములు మారుతుంటే తమను వినలేదని గొడవపడింది. పరీక్ష వేరు, అభ్యంతరం వేరు, క్లెయిముల సవరణ సమయంలో అభ్యంతరదారును వినాల్సిన పనిలేదని ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి 2024 జనవరి 9న తేల్చింది. అదే ఏడాది మార్చిలో వచ్చిన నిబంధనలు అంతకుముందు లేని రుసుము ముందస్తు అభ్యంతరానికి పెట్టాయి. దాన్ని విచారణకు తీసుకోవాలో వద్దో ముందు కంట్రోలరే చూసే ఏర్పాటు చేశాయి. కంపెనీకి ఆ రుసుము లెక్కలోకి రాదు. రైతు సంఘానికి, రోగుల సంఘానికి వస్తుంది. కార్యాలయం, దరఖాస్తుదారు ఇద్దరే మాట్లాడుకునే గదిలో క్లెయిము ఎందుకు ఎలా మారిందో తెలియాలంటే ఫైలు తప్ప వేరే దారి మిగలదు. ఆ ఫైల్లో విచారణ సారాంశం, కంట్రోలరు కారణాలు పూర్తిగా రాయకపోతే అదీ మూసుకుపోతుంది.

తప్పుగా చదవడం వల్ల వచ్చే హాని రెండు వైపులా ఉంటుంది. పసుపు మీద అమెరికా పేటెంటు తీసుకుందన్న భయం దుగ్గిరాల యార్డు చుట్టుపక్కల ఏళ్ల తరబడి వినపడింది. 1995లో గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి అక్కడ పేటెంటు ఇచ్చిన మాట నిజం. సీఎస్ఐఆర్ 32 పాత ఆధారాలతో పునఃపరీక్ష అడిగితే 1997లో అందులోని క్లెయిములన్నీ కొట్టేశారన్నదీ అంతే నిజం. బాస్మతి మీద రైస్‌టెక్ పేటెంటు 1997లో 20 క్లెయిములతో వచ్చింది. పునఃపరీక్ష తర్వాత చాలా క్లెయిములు పోయాయి, పేరులోని బాస్మతి కూడా పోయింది. మొదటి పత్రం మాత్రం ఇప్పటికీ దొరుకుతుంది. దాన్ని పట్టుకుని చదివినవాడు లేని హక్కుకు భయపడతాడు.

మన ఇంజనీరింగ్ కళాశాలల గేట్ల దగ్గర, ప్రచార ఫ్లెక్సీల మీద పేటెంట్ల సంఖ్య కనిపిస్తుంది. అందులో ఎన్ని మంజూరైనవో, ఎన్ని ఉత్తి ప్రచురితమైనవో విడదీసి రాసే అలవాటు చాలాచోట్ల లేదు. దరఖాస్తు వేస్తే ప్రచురితం కావడానికి పరీక్ష అక్కర్లేదు. ర్యాంకింగుల్లో ప్రచురితమైనవీ లెక్కలోకి వస్తుండడంతో వేయడమే పనిగా మారింది. వేసి వదిలేసిన దరఖాస్తు పని అక్కడితో అయిపోదు. అది బహిరంగమైన పాత సమాచారంగా మారి, రేపు అదే పిల్లవాడు మెరుగుపరిచి వేసే దరఖాస్తుకు ఎదురు నిలబడుతుంది. పరీక్ష నివేదికకు తొందరగా, ఎక్కడో చూసి రాసిన జవాబు ఇంకా ప్రమాదం. మంజూరు కావాలన్న ఆత్రంలో ఒక్క వాక్యంలో వదిలేసిన పరిధి మళ్లీ చేతికి రాదు. ఈ సంగతి చెప్పకుండా పిల్లలచేత సంతకాలు పెట్టించడం వాళ్లకు చేసే అన్యాయం.

తిరిగి వరి దగ్గరికి వద్దాం. క్రిస్పర్ మీద పెద్ద వివాదం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వర్గానికీ, బోస్టన్ దగ్గరి బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌కూ మధ్య నడుస్తోంది. 2017లో అమెరికా పేటెంటు బోర్డు రెండు పక్షాల క్లెయిములూ ఢీకొనవని చెప్పినప్పుడు దానికి కారణం క్లెయిము హద్దులే. బ్రాడ్ క్లెయిములు కేంద్రకమున్న కణాలకు పరిమితమయ్యాయి, కాలిఫోర్నియా వర్గం క్లెయిములకు ఆ పరిమితి లేదు. మొక్కల కణాలన్నీ కేంద్రకమున్నవే కాబట్టి ఈ తేడా మన పొలానికి సూటిగా తగులుతుంది. 2022లో బోర్డు బ్రాడ్ వైపు మొగ్గింది. 2025 మేలో అప్పీలు కోర్టు అందులో కొంత భాగాన్ని పక్కనపెట్టి మళ్లీ చూడమంది. ఐరోపాలో కాలిఫోర్నియా వర్గమే తన రెండు కీలక పేటెంట్లను 2024లో తానే వదిలేసుకుంది. వ్యవసాయానికి లైసెన్సుల కోసం బ్రాడ్, అప్పటి డ్యూపాంట్ పయనీర్ 2017లోనే చేతులు కలిపాయి. జన్యువును కత్తిరించడానికి ఏ క్యాస్ ప్రోటీను వాడారన్నదాన్ని బట్టి ఏ పేటెంటు తగులుతుందో, ఎవరికి ఫీజు కట్టాలో మారుతుంది. ఇంత కదులుతున్న నేల మీద ఏ దేశంలో ఎవరు ఏది వదులుకున్నారో తెలియకుండా లైసెన్సు ఒప్పందం మీద సంతకం చేయకూడదు.

మన దేశంలో మంజూరైన క్రిస్పర్ పేటెంట్ల ఫైళ్లు పేటెంటు కార్యాలయం ఇన్‌పాస్ పోర్టల్‌లో ఎవరైనా డబ్బు కట్టకుండా తెరిచి చదవవచ్చు. 3(జె) అభ్యంతరం వచ్చిందా, వస్తే ఏ క్లెయిము పోయింది, ఏం రాసి ఏది నిలబెట్టుకున్నారు, విదేశీ కార్యాలయాలకు ఇదే దరఖాస్తుదారు ఏం చెప్పాడు అన్నది అక్కడ చూడాలి. ఇవి ఇంగ్లిషులోనో హిందీలోనో ఉంటాయి. పేటెంటు నిబంధనలు తెలుగును అనుమతించవు. కాబట్టి చదివి తెలుగులో చెప్పే బాధ్యత ప్రభుత్వ సంస్థలదే. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం గుంటూరు లాం లోనే ఉంది. సాంబ మసూరి ఆ కుటుంబం బిడ్డ. పేటెంటు లాయర్లను, జన్యు శాస్త్రవేత్తలను ఒకచోట కూర్చోబెట్టి, ఒక్కో పేటెంటుకు ఒక్కో నివేదిక తెలుగులో ప్రచురించే పని ఆ విశ్వవిద్యాలయం ఈ రబీ ముగిసేలోపు మొదలుపెట్టాలి. భారత వ్యవసాయ పరిశోధన మండలి లైసెన్సు చర్చలు జరిపితే ఆ షరతులు, ముఖ్యంగా రైతు దాచుకునే విత్తనం గురించిన షరతు, బయటపెట్టాలి. రాష్ట్ర ప్రభుత్వం 2006లో చూపిన చొరవ ఇప్పుడు ముందే చూపించాలి.

మంజూరైన పేటెంటుపై కార్యాలయంలో అభ్యంతరం చెప్పడానికి గడువు, మంజూరు ప్రచురితమైన రోజు నుంచి ఏడాది. అది దాటితే హైకోర్టులో 64వ సెక్షను కింద రద్దు పిటిషనే దారి. అది ఖరీదైన దారి, నెమ్మదైన దారి. ఇంకా పరీక్షలో ఉన్న జన్యు సవరణ దరఖాస్తులకు మంజూరు రోజు దాకా ముందస్తు అభ్యంతరం వేయవచ్చు. వాటిని ఎంచి, క్లెయిములు చదివి, ఎక్కడ గింజ దాకా చేయి చాచుతున్నాయో అక్కడ అభ్యంతరం వేయడానికి రైతు సంఘాలకు రుసుము, లాయరు ఖర్చు రాష్ట్రం భరించాలి. కమల బ్రీడర్ విత్తనం దాటి ఫౌండేషన్ విత్తనంగా మన కేంద్రాలకు చేరే లోపు ఈ పని పూర్తికావాలి.